మామయ్య చేసిన చినుకు బండి

వయాల్లా,
18 ఏప్రిల్ 1982

థెల్మా అత్తకు,

ఫోనులో నీకు సగం మాటలే వినపడతాయి, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే రాస్తున్నాను. అందరం బాగానే ఉన్నామని ముందే చెబుతున్నాను.

ఈస్టర్ సెలవులకు నేనూ డారిల్ పిల్లలిద్దర్నీ తీసుకుని ఫ్లిండర్స్ కొండల వైపు వెళ్లాం. ఎండిపోయిన వాగు ఒడ్డున ఒక పెద్ద ఎర్ర యూకలిప్టస్ ఉంటే, నీడ బాగుందని దాని కిందే గుడారం వేసుకున్నాం. ఆ చెట్ల కింద పడుకోకూడదని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న చెబుతూనే ఉన్నాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. మన ఇంట్లో ఎందుకని అడగడమంటే పెద్దవాళ్లకి ఎదురు చెప్పడమేగా. చీమలు కుడతాయని కాబోలు అనుకున్నాను. చీమల మందు తీసుకెళ్లాను కూడా.

మూడో రోజు పొద్దున్న గాలి లేదు. ఆకు కూడా కదలడం లేదు. డారిల్ పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తున్నాడు. మా పెద్దది నెరిడా ఆ వాసనకి బయటికి పరుగెత్తింది. చంటివాడు కోరీ నా చంకలో ఉన్నాడు. తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు వినిపించింది. తలెత్తేలోపు మా ఇంటి నడవ అంత పొడవైన కొమ్మ గుడారం మీద పడింది. కోరీ పడుకునే బుట్ట అట్టముక్కలా అణిగిపోయింది. వాడిని అందులోంచి ఎత్తుకుని అయిదు నిమిషాలు కూడా కాలేదు.

చుట్టుపక్కల గుడారాల వాళ్లు వచ్చి చూశారు. ఒక ముసలాయన టోపీ తీసి తల గోక్కుని, ఈ చెట్లు కరువు ఏడాదిలో ఇలాగే గాలి లేకుండానే కొమ్మలు వదిలేస్తాయని, అది పసిపిల్లకి కూడా తెలుసని అన్నాడు. నేను బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే దాన్నని ఆయనకు చెప్పలేదు.

"ఇంక చెట్టు కింద వెయ్యం. అంతేగా," అన్నాడు డారిల్. అతనికి అంతే. నాకు అలా కుదరడం లేదు. ఇంట్లో పడుకున్నా పైకప్పు వైపే చూస్తున్నాను. రోజుకు పదిసార్లు కోరీ ముక్కు దగ్గర అరచెయ్యి పెడుతున్నాను. గుడ్డ పైకప్పు కింద నా పిల్లల్ని మళ్లీ పడుకోబెట్టలేను. అలాగని మానేద్దామంటే, డారిల్‌కి ఉక్కు కొలిమి దగ్గర షిఫ్టుల మధ్య దొరికే ఆ నాలుగు రోజులే ఊపిరి. పిల్లలకీ అంతే.

అందుకే అడుగుతున్నాను. క్లారీ మామయ్య చేసిన చినుకు, ఆ కారు వెనక తగిలించి లాగే పడక బండి, ఇంకా నీ షెడ్డులోనే ఉందా? చిన్నప్పుడు దాని చక్రాల మధ్య దాక్కునేదాన్ని. ముందు గుండ్రంగా, వెనక్కి సన్నగా, వాన చినుకుని అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉండేది. వెనక మూత ఎత్తితే చిన్న వంటగది. గట్టి గోడలు, గట్టి పైకప్పు. నలుగురం పడతామా? అమ్ముతావా? డారిల్ నవ్వుతున్నాడు. "అందులో పడుకుంటే తెల్లారేసరికి కోరీ కాలు నా ముక్కులో ఉంటుంది," అంటున్నాడు. నవ్వనీ.

నీ
రేలీన్

*

పీటర్‌బరో,
2 మే 1982

రే,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. టీ మూడుసార్లు చల్లారింది. మీ నాన్నకి చెప్పాను. లేచి గుమ్మం దాకా వెళ్లాడు. తర్వాత "చెప్పానుగా" అన్నాడు. అంతకు మించి ఆ నోట్లోంచి ఏం రాలుతుంది?

చినుకు షెడ్డులోనే ఉంది. నిన్న దాని మీది గోనెలు తీసి, బద్ద పెట్టి కొలిచాను. లోపల పడుకునే చోటు ఆరున్నర అడుగుల పొడవు, నాలుగున్నర వెడల్పు. కూర్చుంటే మీ డారిల్ తల కప్పుకి తగులుతుంది. మేమిద్దరం పదకొండేళ్లు అందులోనే కాపురం చేశాం. ఈ గొర్రెల షెడ్డు నుంచి ఆ గొర్రెల షెడ్డుకి, ఉన్ని కత్తిరించే ముప్పై మంది మగాళ్లకు వండి పెట్టుకుంటూ. ఇద్దరికి, కాళ్ల దగ్గర ఒక కుక్కకి సరిపోయేది. అదీ నేను ఇప్పటి లావులో సగం ఉన్నప్పుడు.

నలుగురికి పనికిరాదు. పైగా కొమ్మ పడితే దాని కప్పు మాత్రం ఆగుతుందా? పలుచని చెక్క, దాని మీద రేకు. నీకు కావాల్సింది గట్టి కప్పు కాదు, చెట్టు లేని నేల. పెద్ద గుడారం కొనుక్కోండి.

అమ్మను. మీ మామయ్య చేతి పని అది. బయట పడవేసి వాన కురిపించినా లోపల చెమ్మ తగలదు. పడవలా బిగించాడు. షెడ్డులో ఉంటే నాకు తోడు.

కోరీకి అల్లిన టోపీ పంపుతున్నాను. చెవులు కప్పుతుంది.

థెల్మా అత్త

*

వయాల్లా,
20 జూన్ 1982

అత్తా,

టోపీ సరిపోయింది. మాట్లాడుకోవాల్సింది టోపీ గురించి కాదు.

బడిలో పిల్లలకి నేర్పినట్టు, కాగితం మధ్యలో గీత గీసి, చినుకు మాకు సరిపోతుందా లేదా అని రెండు వైపులా రాశాను. మా కారు లాగగలదు. గుడారం ఎత్తే పని లేదు, వెళ్లిన వెంటనే పడుకోవచ్చు. నేలకి అడుగున్నర ఎత్తులో ఉంటాం కాబట్టి పాము భయం లేదు. నెరిడాకి కాళ్ల వైపు పైన గుడ్డ ఉయ్యాల కట్టొచ్చు. కోరీ మా ఇద్దరి మధ్య. రెండో వైపు: వాన పడితే వంట తడుస్తూ చెయ్యాలి, కూర్చుని తినే చోటు లేదు, పిల్లలు రెండేళ్లలో పొడుగవుతారు. డారిల్ నా వెనక నుంచి వచ్చి రెండో వైపు కింద "మొగుడికీ పెళ్లానికీ చోటు లేదు" అని రాసి వెళ్లాడు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. ఆ లైను చెరపలేదు.

నాకు అర్థం కానిది ఒకటే. నువ్వు ఎప్పుడూ ఏదడిగినా కాదనలేదు. నేను టీచర్ల కాలేజీకి వెళతానంటే నాన్న నెల రోజులు మాట్లాడలేదు. నువ్వు నీ డబ్బు పెట్టె ఖాళీ చేసి నాకిచ్చి బస్సు ఎక్కించావు. అలాంటిది షెడ్డులో దుమ్ము తింటున్న బండి ఇవ్వనంటున్నావు. మామయ్య గుర్తు అంటే అర్థం చేసుకుంటాను. కానీ నీ ఉత్తరంలో అది చివర్లో వచ్చింది, అతికించినట్టు.

పోయిన వారం గాలి వీస్తే పిల్లలిద్దర్నీ లేపి మా మంచం కిందికి తోశాను. డారిల్ షిఫ్టు నుంచి వచ్చి మమ్మల్ని అక్కడ చూశాడు. దిండ్లు తెచ్చి మా తలల కింద పెట్టాడు. అదే ఎక్కువ బాధ.

అమ్మొద్దు. సెప్టెంబరు సెలవుల్లో ఒక్క వారం వాడుకోవడానికి ఇవ్వు. సరిపోకపోతే తెచ్చి షెడ్డులో పెట్టేస్తాం, మళ్లీ అడగను.

రేలీన్

*

పీటర్‌బరో,
11 జులై 1982

రే,

మంచం కింద పడుకున్నారని చదివాక కాదనలేకపోయాను. తీసుకెళ్లండి. డారిల్‌ని శనివారం పంపు, టైర్లు మార్పించి ఉంచుతాను.

జాగ్రత్తగా చదువు. వెనక వంటగది మూతకి ఒక కర్ర ఉంది. గాలి రోజున దాన్ని నమ్మకు, మీ మామయ్య తల మీద రెండుసార్లు పడింది, అప్పటికే ఆ తలలో పెద్దగా పాడవడానికేమీ లేదు అనుకో. గతుకుల దారిలో నెమ్మదిగా పోవాలి. మట్టిదారి ఎక్కే ముందు రెండు పక్కలా ఉన్న గాలి కన్నాలకి టేపు అంటించాలి. లేకపోతే మైలు తిరక్కముందే పరుపు మీద పిడికెడు ఎర్రమట్టి ఉంటుంది. తలుపుల అంచుల సంగతి చూడక్కర్లేదు, అవి బిగువు.

ఆగగానే టేపు తీసెయ్యాలి. ముందు టేపు, తర్వాతే టీ. ఆగగానే తీసెయ్యి, కింద గీత గీశాను చూడు.

పరుపు కొత్తది కుట్టాను. ఇంకేమీ లేదు.

థెల్మా అత్త

*

హాకర్ దగ్గర,
6 సెప్టెంబరు 1982

అత్తా,

పోస్టు కార్డు చాలదని కాగితమే తీశాను. మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే నెరిడా ఉయ్యాల ఊపుతోందని అర్థం.

మూడు రోజులైంది. నేను పడుకున్నాను. అంటే నిజంగా, తెల్లవారేదాకా. చెట్టు లేని చోటే ఆపాం, అది నీ మాట. గట్టి గోడ, అది నా మాట. తలుపు మూసుకుంటే బయటి లోకం ఆగిపోతుంది. కోరీ కాలు డారిల్ ముక్కు దాకా వెళ్లలేదు, చెవి దాకానే. పొద్దున్నే వెనక మూత ఎత్తి గొర్రె మాంసం ముక్కలు వేయిస్తుంటే పక్క గుడారాల్లో వాళ్లంతా వచ్చి చుట్టూ తిరిగి చూస్తున్నారు. ఒకామె లోపల తల పెట్టి, "ఇందులో నలుగురా? మీరు కాపురం చేస్తున్నారా, డబ్బాలో చేపలు పెట్టారా?" అంది. డారిల్ తడుముకోకుండా, చేపలకి ఇంత మంచి పరుపు ఉండదని చెప్పాడు.

టేపు ప్రతిసారీ తీస్తున్నాం. రంగు ఊడకుండా అంచు పట్టుకుని మెల్లగా. ఎండకి టేపు అతుక్కుపోతే రంగు లేచిపోతుందనేగా నీ బెంగ, నీకు ఆ రంగు ఎంత ఇష్టమో నాకు తెలుసు.

ఫ్రిజ్ మీది కాగితంలో మొదటి వైపే నెగ్గింది. తిరిగి వచ్చాక మళ్లీ అడుగుతాను, అమ్మమని. రేపు ఇంకా ఉత్తరానికి వెళుతున్నాం. పడమట ఆకాశం కొంచెం గోధుమరంగులో ఉంది. కరువు కదా.

ప్రేమతో
రేలీన్

*

హాకర్, ఆసుపత్రి వరండా,
9 సెప్టెంబరు 1982

అత్తా,

కోరీ బతికే ఉన్నాడు. మొదట అది రాయాలి. ఈ పొద్దున పాలు తాగాడు, నర్సుని చెంచాతో కొట్టాడు.

మొన్న మధ్యాహ్నం రెండు గంటలకి నలభై కిలోమీటర్ల మట్టిదారి దాటి ఒక బయలులో ఆగాం. చుట్టూ చెట్టన్నది లేదు. దిగేసరికి పడమటి వైపు నేల నుంచి ఆకాశం దాకా ఎర్రటి గోడ లేచి ఉంది. అది కదులుతోంది. పిల్లల్ని లోపలికి తోసి మేమూ దూరాం. తలుపు మూసేముందు డారిల్, "టేపు తీసెయ్యనా?" అని అడిగాడు. "దుమ్ము పోయాక తీద్దాం. రంగు పోతే అత్తకి నేను చెప్పుకుంటాలే," అన్నాను. ఆ మాట నాది.

తుఫాను మా మీదికి వచ్చేసరికి పట్టపగలే కుండలో పెట్టి మూత వేసినట్టు చీకటైంది. బండి ఊగింది. కానీ లోపలికి ఒక్క రేణువు రాలేదు. డారిల్ లాంతరు వెలిగించి గోడ కొక్కేనికి తగిలించాడు. నేను నెరిడాకి కథ చదివాను. ఎంత సేపని తెలియదు. గంట, రెండు గంటలు. దుమ్ము తగ్గలేదు.

డారిల్ ఊరికే నవ్వడం మొదలుపెట్టాడు. ఏమిటంటే చెప్పలేకపోయాడు. తర్వాత పడుకున్నాడు. నాకు తల పోటు. గుండె వేగంగా కొట్టుకుంటోంది. అత్తా, ఈస్టర్ నుంచి ప్రతి రోజూ నా గుండె అలాగే కొట్టుకుంటోంది. ఇది నా పాత భయమే, దీన్ని లెక్కచెయ్యకూడదు, ఇది గట్టి గోడల ఇల్లు అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. లాంతరు మంట చిన్నదైంది. వత్తి పైకి తిప్పాను. మళ్లీ చిన్నదైంది. పొద్దున్నే నూనె నింపాడు. వత్తి మంచిది కాదేమో అనుకున్నాను. కోరీ నిద్రపోయాడు, అమ్మయ్య అనుకున్నాను.

ఆ తర్వాత భయం పోయింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఏ భయమూ లేదు. కళ్లు మూతలు పడుతున్నాయి, అంతా బాగుంది అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే నాకు వణుకు పుట్టించేది అదే.

లాంతరు ఆరిపోయింది.

"అమ్మా, ఒంటికి వస్తోంది," అంది నెరిడా ఉయ్యాలలోంచి. ఆగమన్నాను. మళ్లీ అంది. దుమ్ము తగ్గాక వెళుదువులే అన్నాను, లేదా అన్నాననుకున్నాను. నోరు తిరగలేదు. "పరుపు తడిస్తే నన్ను తిట్టకూడదు మరి. థెల్మా అమ్మమ్మకి నువ్వే చెప్పుకోవాలి," అంది. దిగి, మా కాళ్ల మీదుగా పాకి, గడియ తీసింది. గాలి తలుపుని లాగి విసిరేసింది.

దుమ్ము నోట్లో నిండింది. దుమ్ముతో పాటు గాలి. నేను నేల మీద పడి వాంతి చేసుకున్నాను. డారిల్‌ని కాలు పట్టి లాగాను, లేచాడు. కోరీ లేవలేదు. వాడి పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టు ఉన్నాయి. చెంప మీద కొట్టాను, అరికాలు గిల్లాను. డారిల్ బండిని అక్కడే వదిలేసి, కారు కిటికీలోంచి తల బయట పెట్టి దారి చూసుకుంటూ నడిపాడు. నేను వాడి నోట్లో ఊదుతూనే ఉన్నాను. సగం దారిలో వాడు ఏడ్చాడు. అంత మంచి ఏడుపు నేను వినలేదు.

ఇక్కడ ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు ఎంతమంది ఉన్నారు, దీపం ఉందా, గాలి రావడానికి ఎక్కడైనా సందు ఉందా అని అడిగాడు. లేదన్నాను. తలుపుల అంచుల్లో కూడా లేదా అన్నాడు. లేదన్నాను. కాసేపు రాసుకుని, "దాన్ని చేసినవాడు చాలా మంచి పనివాడు," అన్నాడు.

నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. గీత గీసి మరీ రాశావు, టేపు తీసెయ్యమని. రంగు కోసమనుకున్నాను. నీకు తెలుసా?

రేలీన్

*

పీటర్‌బరో,
14 సెప్టెంబరు 1982

రే,

తెలుసు.

ఇంతకంటే ముందు ఏం రాసినా అది అబద్ధమవుతుంది. బస్సు ఎక్కి వచ్చేద్దామనుకున్నాను. బస్టాండు దాకా వెళ్లాను. నిన్ను చూసే ముఖం లేక వెనక్కి వచ్చి రాస్తున్నాను.

1957 వేసవి. అది కూడా దుమ్ము తుఫానే. మధ్యాహ్నం వంట ముగించి, గిన్నెలు కడిగి, నేనూ మీ మామయ్యా చినుకులో దూరాం. మా కుక్క టఫీ కాళ్ల దగ్గర. కన్నాలకి టేపు ఉంది. లాంతరు ఉంది. నువ్వు రాసినట్టే హాయిగా నిద్ర పట్టింది. నాలుగు గంటలకి టీ ఇవ్వాలి, ఇవ్వలేదు. టీ లేకపోతే ఉన్ని కోసేవాళ్లు ఎలా ఉంటారో మీ నాన్నని అడుగు. ఆరుగురు వచ్చి బూతులు తిడుతూ తలుపు బాదారు, ఊడబెరికారు. ఆ బూతులే మమ్మల్ని బతికించాయి. టఫీ లేవలేదు. ముసలిది.

టఫీని పాము కరిచిందని అందరికీ చెప్పాం. మీ నాన్నకి కూడా అదే చెప్పాం.

ఎందుకంటే అప్పటికి మీ మామయ్య అలాంటివే ఇంకో అయిదు చేసి ఇచ్చాడు. ఆయన బిగింపు చూడటానికి జనం వచ్చేవాళ్లు. బకెట్టుతో నీళ్లు గుమ్మరించి చూపించేవాడు. బడికి పోనివాడు, పేరు రాయడం నేనే నేర్పాను. ఆ బిగింపే ఆయన పేరు. అది మనుషుల్ని చంపుతుందని ఎలా చెబుతాడు? ఆ ఏడాదంతా డ్రిల్లు పట్టుకుని ఊరూరా తిరిగాడు. నేల చెక్కకి రెండు కన్నాలు వేసి జల్లెడ బిగించేవాడు. చెమ్మ పోవడానికని చెప్పేవాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. మనవాళ్లు అడగరుగా.

ఆ అయిదింట్లో నాలుగు బండ్లకి వేశాడు. అయిదోది అప్పటికే చేతులు మారింది. కొన్నాయన దాన్ని ఎవరికో అమ్మేశాడు. మీ మామయ్య వెతుకుతానన్నాడు. కొన్నాళ్లు వెతికాడు. తర్వాత దాని మాట ఎత్తితే బయటికి వెళ్లిపోయేవాడు. మాదానికి వెయ్యలేదు. రెండుసార్లు డ్రిల్లు ఆనించి తీసేశాడు. మనకి తెలుసుగా, టేపు తీస్తే చాలుగా అన్నాడు.

నువ్వు అడిగినప్పుడు కాదన్నది అందుకే. ఇచ్చినప్పుడు కారణం రాయనిది ఆయన కోసం. గీత గీస్తే చాలనుకున్నాను. నువ్వు చదువుకున్నదానివి, చెప్పినట్టు చేస్తావనుకున్నాను.

క్షమించమని అడగను.

థెల్మా

*

వయాల్లా,
31 అక్టోబరు 1982

అత్తా,

ఆరు వారాలు రాయలేదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా రాయకూడనివి వచ్చాయి.

కోరీ బాగున్నాడు. మెదడుకి ఏమైనా అయిందా అని నెలనెలా చూపించమన్నారు. వాడు ఒక మాట కొత్తగా అంటే పండగ, ఒక రోజు ఏమీ అనకపోతే నాకు అన్నం దిగడం లేదు. ఇది ఎన్నాళ్లో తెలియదు.

చినుకుని తెచ్చి పెరట్లో పెట్టాం. తలుపులు రెండూ తీసి తాళ్లతో కట్టేశాం. డారిల్ నేలలో నాలుగు కన్నాలు వేశాడు. వేస్తున్నంత సేపూ తిట్టలేదు. చివర్లో చెక్కని అరచేత్తో తుడిచి, "ఎంత బాగా చేశాడు మనిషి," అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది.

నా పిల్లల సంగతి నేను చూసుకుంటాను. అయిదో బండిలో ఎవరి పిల్లలు పడుకుంటున్నారు? పాతికేళ్లుగా. ఈ కరువులో దుమ్ము తుఫాను లేని నెల లేదు. డిసెంబరు సెలవులు వస్తున్నాయి. రైతుల పత్రికలో ప్రకటన వెయ్యి. చెమ్మ అని రాయకు. ఊపిరి ఆడక చస్తారని రాయి. మామయ్య పేరు పెట్టు, లేకపోతే అది ఏ బండో వాళ్లకెలా తెలుస్తుంది?

నువ్వు వెయ్యకపోతే నేను వేస్తాను. కానీ నువ్వే వెయ్యాలి.

రేలీన్

*

పీటర్‌బరో,
16 జనవరి 1983

రే,

నవంబరులో వేశాను. మూడు వారాలు వరసగా. ఏం రాశానో కత్తిరించి పంపుతున్నాను, తప్పులుంటే ఇప్పుడు దిద్దినా లాభం లేదు.

మొదటి వారం అంగడికి వెళితే మాటలు ఆగిపోయాయి. మీ నాన్న వచ్చి, చచ్చినవాడి పరువు తీశావని గుమ్మంలో నిలబడి అరిచాడు. లోపలికి రమ్మంటే రాలేదు. పాత బండ్లున్న నలుగురిలో ఇద్దరు రాశారు. చెమ్మ కోసం కాదని అప్పుడే అనుమానం వచ్చిందట ఒకాయనకి. అయినా అడగలేదట. అయిదో దాని గురించి ఏమీ రాలేదు. క్రిస్మస్ గడిచింది. వేసవి వేడికి రోడ్డు తారు కరిగింది. రేడియోలో దుమ్ము అన్నప్పుడల్లా పళ్లెం పక్కన పెట్టేశాను. నువ్వు ఈస్టర్ నుంచి ఎలా ఉన్నావో అప్పుడు తెలిసింది.

నిన్న ఈ ఉత్తరం వచ్చింది. నువ్వే చదువు, నా చేత్తో ఎత్తి రాస్తున్నాను.

"అమ్మా, మీ ప్రకటన ఉన్న కాగితంలో మా ఆయన చేపలు చుట్టి తెచ్చాడు. అలా చూశాను. పద్నాలుగేళ్ల కిందట ఒక వేలంలో మా మామగారు కొన్న బండికి తలుపు కింద 'క్లారీ' అని చెక్కి ఉంది. నేల చెక్కకి కన్నాలు లేవు. మట్టిదారిలో పక్క కన్నాలకి టేపు వేస్తాం, రాత్రికి తియ్యం. ప్రతి వేసవికీ పిల్లలు దాని కోసం కొట్టుకుంటారు. మాకు ఇప్పుడు ఆరుగురు మనవలు, ఒకేసారి నలుగురిని పడుకోబెడతాం. పొద్దున్నే తలనొప్పి అని ఏడుస్తారు. ఎండ వల్ల అనుకున్నాం. ఏం చెయ్యాలో చెప్పండి. శ్రీమతి ఎనిడ్ హార్కర్."

రే, మొదటి నాలుగు అక్షరాలు రాసి ఆగిపోతున్నాను. ఆవిడకి ఏం చెప్పాలో నువ్వు చెప్పు.

థెల్మా

*

వయాల్లా,
19 జనవరి 1983

అత్తా,

ఆవిడకి ఇప్పుడే తంతి పంపాను. బండిలో ఎవరూ పడుకోవద్దని, రెండు తలుపులూ తీసి ఉంచమని, ఊపిరి ఆడదని. కారణం కూడా రాశాను, ప్రతి మాటకీ పోస్టాఫీసులో అమ్మాయి నా ముఖం చూసింది.

చినుకు మాకు సరిపోదు. ఫ్రిజ్ మీది కాగితం తీసేశాను. ఇద్దరికి అది మంచి పడక, మంచి వంటగది. నలుగురికి కాదు. గాలి కన్నాలున్నా కాదు. పిల్లల్ని పెట్టి మూసేసి నా భయాన్ని బయట వదిలేద్దామనుకున్నాను. అది కుదరదు. పెద్ద గుడారం తీసుకున్నాం. చెట్టు లేని బయలులో, పీల్చే గాలి ఉన్నచోట వేస్తాం. పాములకీ, వానకీ, గాలికీ భయపడతాను. ఏ భయం దేనికో తెలిసి భయపడతాను.

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి చినుకుని తెచ్చి నీ షెడ్డులో పెడతాం. నువ్వు తయారుగా ఉండు, నీళ్ల సీసా, టోపీ, మామయ్య డ్రిల్లు తీసుకో. అక్కడి నుంచి హార్కర్ వాళ్ల దగ్గరికి మూడు గంటల దారి. పిల్లలు మా అమ్మ దగ్గర ఉంటారు. నేల చెక్కలో దూలాలు ఎక్కడ ఉన్నాయో, ఎక్కడ డ్రిల్లు పెట్టాలో నీకు తెలుసు, డారిల్‌కి చూపించు. కన్నాలు అతను వేస్తాడు.

ఎనిడ్ గారు టీ పెడతారు. పిల్లలంతా చుట్టూ నిలబడతారు. ఈ కన్నాలు ఎందుకని వాళ్లలో ఒకరైనా అడుగుతారు. నేను నీ పక్కనే ఉంటాను, నోరు మాత్రం విప్పను.

రేలీన్